గొంతు తగ్గించి పాడినవాడు

డిసెంబరు మొదటి వారం దాటిందంటే మన క్రైస్తవ ఇళ్ళలో రెండు రకాల పాటలు మొదలవుతాయి. ఒకటి మన కీర్తనల పుస్తకంలోవి. అమ్మమ్మల కాలం నుంచి కంఠస్థంగా వస్తున్నవి. రెండోది ఇంగ్లిషు పాటలు. ఆ ఇంగ్లిషు పాటల్లో ఒక మగ గొంతు ఉంటుంది. లోతైన గొంతు, తొందర లేని గొంతు. గదిలో మన పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, పిల్లలు నిద్రపోతున్నారేమోనని మెల్లగా పాడుతున్నట్టుంటుంది. గ్రామఫోను రికార్డుల రోజుల్లో విన్నవాళ్ళున్నారు, క్యాసెట్టు అరిగిపోయేదాకా విన్నవాళ్ళున్నారు, ఇప్పుడు సెల్‌ఫోన్లలో వింటున్నవాళ్ళున్నారు. పాడింది ఎవరో తెలియకుండానే వింటున్నవాళ్ళు మాత్రం అన్నిటికంటే ఎక్కువమంది.

ఆ గొంతు జిమ్ రీవ్స్‌ది. మన సంఘాల్లో చాలామంది ఆయన్ని ఒక పాస్టరనో, సువార్తికుడనో, ఏదో పెద్ద చర్చి గాయక బృందం నుంచి వచ్చినవాడనో అనుకుంటారు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. ఆయన ఇవేవీ కాదు. అమెరికాలో కంట్రీ సంగీతం అనే జానపద ధోరణి పాటలు పాడుకుని బతికిన కళాకారుడు. అది కూడా తాను కోరుకున్న దారి కాదు. కోరుకున్న దారి మూసుకుపోయాక దొరికిన దారి.

టెక్సాస్ రాష్ట్రం తూర్పు భాగంలో పనోలా కౌంటీ ఉంది. ఆ కౌంటీలో కార్తేజ్ అనే చిన్న పట్టణం, దాని దగ్గర గాలోవే అనే పల్లె. 1923 ఆగస్టు 20న అక్కడ, ఇంట్లోనే, జేమ్స్ ట్రావిస్ రీవ్స్ పుట్టాడు. పెద్ద కుటుంబంలో ఆఖరి సంతానం. బిడ్డకు ఏడాది నిండకముందే, 1924లో, తండ్రి టామ్ చనిపోయాడు. తల్లి మేరీ బ్యూలా ఆ పిల్లలందరినీ వ్యవసాయం మీదే పెంచింది. తండ్రి లేని ఇంట్లో ఆఖరి పిల్లవాడి చదువు ఎలా సాగుతుందో మన పల్లెల్లో వేరే చెప్పనక్కర్లేదు. గిటారు మీద మోజు చిన్నప్పుడే పుట్టింది. జిమ్మీ రోజర్స్ అనే గాయకుడి రికార్డులు ఆ రోజుల్లో దక్షిణాది పల్లెలన్నిటా మోగేవి. రైల్వేలో పనిచేసి, క్షయ వ్యాధితో 1933లో కన్నుమూసిన మనిషి ఆయన. ఆ రికార్డులు విని పాడటం నేర్చుకున్న పిల్లల్లో మన జిమ్ ఒకడు.

అయితే పాటకంటే ముందు ఆట పట్టుకుంది. బేస్‌బాల్‌లో బంతి విసిరేవాణ్ణి పిచర్ అంటారు, మన క్రికెట్లో బౌలర్ లాంటివాడు. జిమ్ కుడిచేతి పిచర్. ఆ ఆట పుణ్యమా అని టెక్సాస్ యూనివర్సిటీలో స్కాలర్‌షిప్పుతో సీటు వచ్చింది. వాక్చాతుర్యం, నాటకం చదవాలని చేరాడు. ఆరు వారాలకే చదువు వదిలేసి హ్యూస్టన్ ఓడల యార్డులో పనికి వెళ్ళిపోయాడు. అది రెండో ప్రపంచ యుద్ధ కాలం, ఓడల యార్డుల్లో పని దొరికేది. కానీ మనసు ఆటను వదల్లేదు. 1944లో సెయింట్ లూయిస్ కార్డినల్స్ అనే పెద్ద జట్టు తన కింది జట్ల కోసం అతన్ని తీసుకుంది. పల్లె పిల్లవాడికి అంతకంటే ఏం కావాలి? మూడేళ్ళు ఆడాడు. పై జట్టులోకి ఎప్పుడు పిలుపు వస్తుందా అని ఎదురుచూశాడు.

పిలుపు రాలేదు. ఒక ఆటలో బంతి విసురుతుండగా తుంటి నరం తెగింది. నడుము నుంచి కాలిలోకి దిగే పెద్ద నరం అది. అంతటితో ఆట అయిపోయింది.

ఆదికాండం 32వ అధ్యాయం చదివినవాళ్ళకు ఈ నరం గుర్తుండే ఉంటుంది. యబ్బోకు రేవు దగ్గర రాత్రంతా పెనుగులాడిన యాకోబు కుంటుకుంటూ తెల్లవారుజామున బయటికి వచ్చింది ఆ నరం దగ్గర దెబ్బతోనే. ఇశ్రాయేలీయులు ఆ నరాన్ని తినకపోవడానికి కారణం కూడా అక్కడే రాసి ఉంది. ఈ పోలికను నేను ఎక్కువ దూరం లాగను. యాకోబు పెనుగులాడింది దేవునితో, రీవ్స్ విసిరింది ఒక తోలు బంతిని. అయినా ఇరవయ్యో పడి దాటీ దాటకముందే, తాను దేనికోసం పుట్టాననుకున్నాడో అది చేయలేని స్థితిలో పడిన యువకుణ్ణి చూసినప్పుడు ఆ పేజీ గుర్తు రాకుండా ఉండదు. యాకోబుకు ఆ రాత్రే కొత్త పేరు వచ్చింది. రీవ్స్‌కు మాత్రం కొన్నేళ్ళపాటు ఏమీ రాలేదు.

1947లో మేరీ వైట్ అనే అమ్మాయిని పెళ్ళి చేసుకున్నాడు. బతుకుతెరువు కోసం రేడియోలో అనౌన్సరుగా చేరాడు. టెక్సాస్‌లో హెండర్సన్ అనే ఊళ్ళో చిన్న స్టేషన్ అది. వార్తలు చదవడం, వ్యాపార ప్రకటనలు చెప్పడం, ఒక రికార్డు అయ్యాక ఇంకో రికార్డు పెట్టడం, మధ్యలో ఖాళీ దొరికితే గిటారు తీసి తానే ఒక పాట పాడటం. 1949లో హ్యూస్టన్‌లోని ఒక చిన్న కంపెనీకి కొన్ని పాటలు రికార్డు చేశాడు. అవి అమ్ముడుపోలేదు. కొంతకాలం మూన్ మల్లికన్ అనే పియానో కళాకారుడి బృందంలో తిరిగాడు. ముప్ఫయ్యో ఏడు దగ్గర పడుతున్నా చేతిలో ఉన్నది అనౌన్సరు ఉద్యోగమే.

ఈ అనౌన్సరు ఉద్యోగం గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే తర్వాత వచ్చిన పేరంతా దాని మీదే నిలబడింది. వేదిక మీద పాడేవాడు హాలు చివర కూర్చున్నవాడికి వినపడాలని పాడతాడు. అనౌన్సరు అలా కాదు. అతని ముందు మైకు తప్ప జనం ఉండరు. ఎక్కడో ఒక వంటింట్లో రొట్టె కాలుస్తున్న ఒక తల్లితో, లారీ తోలుతున్న ఒక డ్రైవరుతో, మంచం మీదున్న ఒక రోగితో ఒక్కొక్కరితో విడిగా మాట్లాడుతున్నట్టు మాట్లాడాలి. అరిస్తే రేడియో కట్టేస్తారు. ఈ చదువు ఏ సంగీత పాఠశాలలోనూ చెప్పరు. తుంటి నరం తెగకపోతే రీవ్స్ కూడా నేర్చుకునేవాడు కాదు.

1952 నాటికి ఆయన లూసియానా రాష్ట్రంలోని ష్రీవ్‌పోర్ట్‌కు చేరాడు. అక్కడి కేడబ్ల్యూకేహెచ్ స్టేషన్ ప్రతి శనివారం రాత్రి 'లూసియానా హేరైడ్' అనే కార్యక్రమం ప్రసారం చేసేది. పెద్ద హాల్లో జనం ముందు గాయకులు పాడుతుంటే రాష్ట్రాలు దాటి రేడియోలో వినేవారు. రీవ్స్ పని గాయకుల్ని పరిచయం చేయడం. ఒక రాత్రి పాడాల్సినవాడు సమయానికి రాలేదు. ఆ రానివాడు హ్యాంక్ విలియమ్స్ అని రీవ్స్ చెప్పేవాడు. కాదు, స్లీపీ లబీఫ్ అని ఆ కార్యక్రమ నిర్వాహకుల్లో ఒకరి మాట. ఎవరైతేనేం, వేదిక ఖాళీగా ఉంది, రేడియో మోగుతోంది, అనౌన్సరును పాడమన్నారు. పాడాడు. హాల్లో ఉన్న ఒక రికార్డు కంపెనీ వారి చెవిన ఆ గొంతు పడింది.

హ్యాంక్ విలియమ్స్ పేరు వచ్చింది కాబట్టి చెబుతున్నాను. ఆ తరంలో ఆయన్ని మించిన పాటల రచయిత లేడు. ఆరాధనలో పాడుకునే పాటలూ రాశాడు. తాగుడు ఆయన్ని మింగేసింది. 1953 జనవరి 1న కారు వెనక సీట్లో ప్రయాణిస్తూనే చనిపోయి కనిపించాడు, వయసు 29. అదే ఏడాది రీవ్స్ పాడిన 'మెక్సికన్ జో' అమెరికా కంట్రీ పాటల జాబితాలో మొదటి స్థానానికి వెళ్ళింది. మరుసటి ఏడాది 'బింబో' కూడా వెళ్ళింది. ఒక గాయకుడి ఖాళీని ఇంకొకడు నింపాడని చెప్పడం తేలిక, నిజం కాదు. ఇద్దరి గొంతులకూ పోలికే లేదు. పైగా నిజం చెప్పాలంటే రీవ్స్ మొదటి హిట్ పాటలు ఇప్పుడు వింటే కాస్త పిల్లచేష్టల్లా ఉంటాయి. గట్టిగా, హుషారుగా, నవ్వించడానికి పాడినవి. మనం డిసెంబరులో వినే మనిషి ఇంకా అందులో కనపడడు.

1955లో ఆర్‌సీఏ విక్టర్ అనే పెద్ద కంపెనీ ఆయనతో ఒప్పందం చేసుకుంది. అదే ఏడాది టెనెసీ రాష్ట్రంలోని నాష్‌విల్‌లో 'గ్రాండ్ ఓల్ ఆప్రీ' కార్యక్రమంలో సభ్యుడయ్యాడు. కంట్రీ గాయకులకు అంతకంటే పెద్ద పీట లేదు. ఆ కార్యక్రమం అప్పట్లో రైమన్ ఆడిటోరియంలో జరిగేది. ఈ భవనం కథ మన పాఠకులకు నచ్చుతుంది. టామ్ రైమన్ అనే నదీ పడవల యజమాని 1885లో సామ్ జోన్స్ అనే ఉజ్జీవ ప్రసంగీకుడి కూటానికి వెళ్ళి, అక్కడ మారుమనస్సు పొంది, అలాంటి కూటాల కోసమే ఈ భవనం కట్టించడానికి పూనుకున్నాడు. 1892లో తెరిచారు. పాటగాళ్ళ ఆడిటోరియంగా మారాక కూడా జనం కూర్చున్నవి చర్చి బెంచీలే. శనివారం రాత్రి అక్కడ ప్రేమ పాటలూ పాడేవారు, విరహ గీతాలూ పాడేవారు, మధ్యలో భక్తి గీతమూ పాడేవారు. ఆ దక్షిణాది సంస్కృతిలో ఇది వింత కాదు. మనకు వింతగా ఉంటుంది. ఆ సంగతికి మళ్ళీ వస్తాను.

1957లో రీవ్స్ చేతికి 'ఫోర్ వాల్స్' అనే పాట వచ్చింది. ఒంటరిగా నాలుగు గోడల మధ్య ఎదురుచూసే మనసు పాట. ఆడవాళ్ళు పాడేందుకు అనుకున్నది. దాన్ని ఎప్పటిలా గట్టిగా పాడితే చెడిపోతుందని ఆయనకు అనిపించింది. మైకు దగ్గరికి జరిగాడు. పెదవులు మైకును తాకుతాయేమో అన్నంత దగ్గరికి. గొంతు సగానికి తగ్గించాడు. అనౌన్సరుగా పదేళ్ళు చేసిన పనినే పాటలో చేశాడు. కంపెనీలో కొందరికి ఇది రుచించలేదు. కంట్రీ పాట ఇలా ఉండదని వాళ్ళ వాదన. ఆ రికార్డింగులు చూసుకునే చెట్ అట్కిన్స్, తానే ఒక గొప్ప గిటారిస్టు, రీవ్స్ పక్షాన నిలిచాడు. పాట కంట్రీ జాబితాలో మొదటి స్థానానికి వెళ్ళింది. కంట్రీ పాటలు వినని పట్టణాల వాళ్ళు కూడా కొన్నారు.

ఇక్కడ కాస్త ఆగాలనిపిస్తుంది. హోరేబు కొండ మీద ఏలీయా ముందు పెనుగాలి వచ్చింది, భూకంపం వచ్చింది, అగ్ని వచ్చింది. ప్రవక్త ముఖం కప్పుకుని గుహ వాకిట నిలబడింది మాత్రం వాటి తర్వాత వచ్చిన చిన్న స్వరానికి. మన సంఘాల్లో ఈ భాగం మీద ప్రసంగం వినని విశ్వాసి ఉండడు. ప్రసంగం అయ్యాక మైకు సెట్టువాడు బాక్సుల శబ్దం ఇంకో మెట్టు పెంచుతాడు. క్రిస్మస్ ముందు రాత్రుల్లో క్యారల్స్‌కు బయల్దేరిన మన యూత్ ట్రాక్టర్ మీద నాలుగు బాక్సులు కట్టుకుని వస్తే, ఎవరి ఇంటి ముందు ఏ పాట పాడారో ఆ ఇంటివాళ్ళకే తెలియదు. ఇది విసుగుతో అంటున్నది కాదు, ఆ ట్రాక్టర్ల మీద నేనూ నిలబడినవాణ్ణే. రీవ్స్ రికార్డు విన్నప్పుడల్లా మాత్రం ఆ బాక్సులు గుర్తొస్తాయి.

అక్కడి నుంచి ఆయన రూపం కూడా మారింది. కౌబాయ్ టోపీ, అంచుల చొక్కా పక్కన పెట్టి సూటు, టై వేసుకున్నాడు. ఫిడేలు స్థానంలో వయొలిన్ల బృందం, వెనక మెల్లగా పలికే గాయనీ గాయకుల వంత. నాష్‌విల్ సౌండ్ అని దానికి పేరు పెట్టారు. ఆయనకు జెంటిల్‌మన్ జిమ్ అనే పేరు వచ్చింది. 1959 చివర్లో విడుదలైన 'హీల్ హావ్ టు గో' 1960లో 14 వారాలపాటు కంట్రీ జాబితాలో మొదటి స్థానంలో నిలిచింది. అన్ని రకాల పాటల జాబితాలోనూ రెండో స్థానానికి చేరింది. మొదట దాన్ని రికార్డు రెండో వైపున వేశారంటే కంపెనీ దాని మీద పెట్టుకున్న ఆశ ఎంతో ఊహించుకోవచ్చు.

ఆ పాట దేని గురించో తెలిస్తే మనవాళ్ళు కొందరు నొచ్చుకుంటారు. ఒక మనిషి మద్యం దుకాణం నుంచి తాను ప్రేమించిన స్త్రీకి ఫోను చేస్తాడు. ఆమె పక్కన ఇంకో మగవాడున్నాడు. అతన్ని పంపించెయ్యమని అడుగుతాడు. అంతే పాట. పాడిన గొంతు, మనం క్రిస్మస్ రోజు ఉదయం వినే గొంతే. వాడిన మెత్తదనం కూడా అదే.

ఇది చిన్న విషయంగా తోసేయలేం. మన సంఘాల్లో ఎప్పటి నుంచో నలుగుతున్న ప్రశ్నే ఇది. సినిమా పాటలు పాడే గాయకుణ్ణి క్రిస్మస్ కార్యక్రమానికి పిలవొచ్చా? నిన్న ప్రేమ గీతం పాడిన నోటితో ఇవాళ సిలువ గురించి పాడితే వినొచ్చా? కమిటీ మీటింగుల్లో దీని మీద గొంతులు లేచిన సంగతి మీలో చాలామందికి తెలుసు. యాకోబు పత్రిక మూడో అధ్యాయంలో ఒకే ఊటలోంచి తియ్యని నీళ్ళు, చేదు నీళ్ళు రావడం గురించి ఉన్నది. ఆ మాటకు బదులు చెప్పడం సులువు కాదు. ఇంకోవైపు, రీవ్స్ పాడిన ఆ ఫోను పాటలో బూతు లేదు, ఎగతాళి లేదు, ఉన్నది ఒక మనిషి ఒంటరితనం. నాకు ఇప్పటికీ రెండు మనసులే. ఆ పాట మా ఇంట్లో పెట్టను. ఆ గొంతు పాడిన భక్తి గీతాలను మాత్రం ఆపలేను.

ఆ భక్తి గీతాలు తక్కువేమీ కాదు. 1958లో 'గాడ్ బి విత్ యూ', 1962లో 'వి థ్యాంక్ దీ' అనే రెండు పూర్తి రికార్డులు భక్తి పాటలతోనే వెలువడ్డాయి. 'దిస్ వరల్డ్ ఈజ్ నాట్ మై హోమ్' మన దగ్గర సమాధి కార్యక్రమాల్లో, జ్ఞాపకార్థ కూటాల్లో ఎన్నిసార్లు వినిపించిందో లెక్కలేదు. 'టేక్ మై హ్యాండ్, ప్రెషస్ లార్డ్' కూడా ఆయన పాడాడు. ఆ పాట రాసిన థామస్ డోర్సీ షికాగోకు చెందిన నల్లజాతి సంగీతకారుడు. 1932లో భార్య కాన్పులో చనిపోయి, పుట్టిన బిడ్డా పోయాక రాసుకున్న ప్రార్థన అది. డోర్సీ కూడా అంతకుముందు రాత్రి క్లబ్బుల్లో బ్లూస్ పాటలు వాయించినవాడే.

రీవ్స్ ప్రార్థనా జీవితం ఎలా ఉండేదన్నది రికార్డులు చెప్పవు. ఆయన ప్రసంగాలు చేయలేదు, సాక్ష్యాలు చెబుతూ తిరగలేదు. జీవిత చరిత్ర రాసినవాళ్ళు ఆయన కోపిష్టి అని, తన పనిలో చిన్న పొరపాటూ సహించడని రాశారు. 1963లో ఐర్లండ్ పర్యటనలో పియానోల శ్రుతి సరిగా లేదని కొన్నిచోట్ల వేదిక దిగిపోయాడు. డబ్బు పెట్టి టిక్కెట్టు కొన్నవాళ్ళు ఊరుకుంటారా? గొడవలయ్యాయి. ఆ జెంటిల్‌మన్ అన్న పేరు పాటకు వచ్చిందే గాని మనిషికి ఎప్పుడూ అతికినట్టుండేది కాదు. దక్షిణాఫ్రికాలో ఆయనకు అమెరికాలో ఉన్నంత ఆదరణ. 1962లో అక్కడ పర్యటించి, మరుసటి ఏడాది 'కింబర్లీ జిమ్' అనే సినిమాలో నటించి, ఆఫ్రికాన్స్ భాషలో పాటలు రికార్డు చేశాడు. అది వర్ణవివక్ష చట్టాలు కరకుగా నడుస్తున్న కాలం. నెల్సన్ మండేలాను అరెస్టు చేసింది 1962లోనే. రీవ్స్ పాటలను ఆ ఖండంలో నల్లవారూ, తెల్లవారూ ప్రేమించారు. అక్కడి అన్యాయం గురించి మాత్రం ఆ పాటల్లో ఏమీ లేదు. అభిమానులు ఈ పేజీని తిప్పేస్తారు. నాకు అలా తిప్పేయడం సబబుగా తోచదు.

అదే 1963లో ఆయన క్రిస్మస్ రికార్డు వచ్చింది. పేరు 'ట్వెల్వ్ సాంగ్స్ ఆఫ్ క్రిస్మస్'. పన్నెండు పాటలు. మొదటి భాగంలో అంతా పండగ సందడి: గంటల బండి, మంచు, బహుమతులు. ఒక మెక్సికన్ పిల్లవాడు క్రిస్మస్ తాతతో తన గోడు చెప్పుకునే 'సెన్యోర్ శాంటాక్లాజ్', పాత క్రిస్మస్ కార్డు ఒకటి కంటపడి గడిచిన రోజులు గుర్తుకొచ్చే 'యాన్ ఓల్డ్ క్రిస్మస్ కార్డ్'. ఈ రెండూ చర్చి పాటలు కావు. అమెరికాలో ఎప్పటి నుంచో కంట్రీ గాయకులు డిసెంబరు కోసం కొత్త పండగ పాట ఒకటైనా తేవడం ఆనవాయితీ, వ్యాపారమూనూ. రీవ్స్ కూడా ఆ వ్యాపారంలోనివాడే. కానీ రికార్డు తిప్పి రెండో వైపు చివరికి వచ్చేసరికి వరసగా నాలుగు పాటలు బేత్లెహేము దగ్గరికి వెళ్ళిపోతాయి. చిన్న ఊరైన బేత్లెహేము, మరియ కన్న శిశువు, విశ్వాసులకు పిలుపు, ఆఖరున మన సంఘాలు 'శుద్ధరాత్రి'గా ఎరిగిన పాట. సందడిగా మొదలై నిశ్శబ్దంలో ముగిసే రికార్డు అది. అలా వరస పెట్టినవాళ్ళు ఏమనుకుని పెట్టారో గాని, వినేవాడికి మాత్రం సంత దాటి పశువుల పాక దగ్గరికి నడిచినట్టుంటుంది.

ఆ నాలుగింటిలో మూడు పాతవే. మరియ కన్న శిశువు గురించిన పాట మాత్రం అప్పటికి ఏడేళ్ళదే. 1956లో జెస్టర్ హెయిర్‌స్టన్ రాశాడు. ఆయన తాతలు, అమ్మమ్మలు అమెరికాలో బానిసలుగా బతికినవాళ్ళు. బానిసల ఆత్మీయ గీతాలను సేకరించి, గాయక బృందాలకు నేర్పడమే జీవితంగా చేసుకున్న పెద్దమనిషి, 2000 దాకా జీవించాడు. ఆ పాటను మొదట లోకానికి తెలిసేలా చేసింది హ్యారీ బెలఫాంటే. 1963 ఆగస్టులో మార్టిన్ లూథర్ కింగ్ వెంట వాషింగ్టన్ ప్రదర్శనలో నిలబడిన గాయకుల్లో బెలఫాంటే ఒకరు. ఒకే ఏడాది, ఒకే దేశం. ఒకవైపు ఆ ప్రదర్శన, ఇంకోవైపు టెక్సాస్ తెల్ల గాయకుడు అదే నల్లవారి క్రిస్మస్ పాటను తన మెత్తని గొంతుతో రికార్డు చేసి అమ్మడం. రీవ్స్‌కు ఈ పొత్తు తట్టిందో లేదో. మన దేశంలో ఆ పాట ఎక్కువమంది విన్నది మాత్రం ఆయన గొంతులోనూ, తర్వాత 1978లో వచ్చిన బోనీ ఎమ్ రికార్డులోనూ.

మా ఇంట్లో ఆ పాటలు క్యాసెట్టు మీద వచ్చాయి. ఎవరో ఇంకొకరి క్యాసెట్టు నుంచి ఎత్తి రాసుకున్నది. పైన పెన్నుతో క్రిస్మస్ అని మాత్రమే ఉండేది, గాయకుడి పేరు లేదు. 'ఓ కమ్ ఆల్ యీ ఫెయిత్‌ఫుల్' మధ్యలో టేపు ఒకచోట మడత పడి గొంతు ఇంకా లోతుకు దిగిపోయేది. మేము అదే అసలు బాణీ అనుకుని అలాగే పాడేవాళ్ళం. ఇంగ్లిషు అర్థం కాని మా నాయనమ్మకు కూడా ఆ పాటలు పెడితే ప్రార్థన చేసుకుంటున్నట్టుండేది. మాటలు అర్థం కాకపోయినా ఎవరూ అరవడం లేదన్న సంగతి ఆమెకు అర్థమయ్యేది కాబోలు.

1964 ఏప్రిల్‌లో ఆయన చెట్ అట్కిన్స్ తదితరులతో కలిసి యూరప్ వెళ్ళాడు. నార్వేలో ఓస్లో నగరంలో చేసిన కార్యక్రమాన్ని అక్కడి టెలివిజన్ చిత్రించింది. ఇప్పటికీ ఆయన్ని కదులుతూ, నవ్వుతూ చూడాలంటే ఎక్కువమంది వెదికేది దాన్నే. నలభై ఏళ్ళ మనిషి, నిటారుగా, ఒక చేయి మెల్లగా కదుపుతూ పాడతాడు. శ్రమపడుతున్నట్టే ఉండదు.

విమానం నడపడం నేర్చుకున్నాడు. 1964 జూలై 31న ఆర్కన్సా రాష్ట్రంలోని బేట్స్‌విల్ నుంచి నాష్‌విల్‌కు ఒకే ఇంజను ఉన్న చిన్న విమానంలో తానే నడుపుతూ బయల్దేరాడు. పక్కన తన బృందంలో పియానో వాయించే డీన్ మాన్యుయెల్. నాష్‌విల్ సమీపానికి వచ్చాక ఉరుములతో కూడిన వాన ఎదురైంది. మేఘంలో పైకీ కిందికీ తేడా తెలియని స్థితిలో విమానం అదుపు తప్పి బ్రెంట్‌వుడ్ దగ్గర చెట్ల మధ్య కూలింది. ఎక్కడ పడిందో వెంటనే తెలియలేదు. పోలీసులు, సైనికులు, వందల మంది జనం గాలించారు. ఆ అడవిలో వెదికినవాళ్ళలో ఎర్నెస్ట్ టబ్, మార్టీ రాబిన్స్ వంటి సాటి గాయకులూ ఉన్నారు. 42 గంటల తర్వాత, ఆగస్టు 2న, శిథిలాలు దొరికాయి. ఇద్దరూ చనిపోయి ఉన్నారు. మరో మూడు వారాలైతే రీవ్స్‌కు 41 నిండేవి. అంతకు ఏడాదిన్నర ముందే, 1963 మార్చిలో, నాష్‌విల్ గాయని పాట్సీ క్లైన్‌ను ఇలాగే ఒక చిన్న విమానం బలి తీసుకుంది.

ఆయన్ని సొంత ఊరికి, కార్తేజ్‌కు తీసుకెళ్ళి పాతిపెట్టారు. రోడ్డు పక్కన విగ్రహం నిలబెట్టారు. పిల్లలు లేరు. భార్య మేరీ చేతిలో మిగిలింది విడుదల కాని పాటల టేపులు. వాటిని ఆమె ఒక్కసారిగా అమ్మేయలేదు. ఏటా కొన్ని చొప్పున కంపెనీ ద్వారా బయటికి తెచ్చింది. 1966లో, ఆయన పోయిన రెండేళ్ళకు, 'డిస్టెంట్ డ్రమ్స్' బ్రిటన్‌లో ఐదు వారాలు మొదటి స్థానంలో ఉంది. 1967లో కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు. కొత్త పాటలు వస్తూనే ఉండటంతో చాలా దేశాల్లో శ్రోతలకు ఆయన పోయాడన్న సంగతే ఏళ్ళ తరబడి తెలియలేదంటే ఆశ్చర్యం లేదు. మేరీ 1999లో కన్నుమూసింది.

లెక్క వేసి చూస్తే, తన క్రిస్మస్ రికార్డు దుకాణాల్లో ఉండగా ఆయన బతికి చూసిన క్రిస్మస్ ఒక్కటే, 1963 నాటిది. మరుసటి డిసెంబరుకు పాట ఉంది, మనిషి లేడు. ఆఖరి బిడ్డకు ఏడాది నిండకముందే భర్తను పోగొట్టుకున్న తల్లి బ్యూలాకు అప్పటికి ఎనభై ఏళ్ళు. ఆమె ఇంకో పదహారేళ్ళు జీవించింది. 1980లో ఆమె కూడా వెళ్ళిపోయేదాకా ప్రతి డిసెంబరులోనూ టెక్సాస్ రేడియోల్లో కొడుకు గొంతు వినపడుతూనే ఉంది.